నూటపదహారులో అరవై

మంచు దేశాలవారికి ఒక అలవాటు వుంది. చలికాలం ఇంకా గడప తొక్కకముందే, 'ఈ ఏడు ఇన్ని రోజులు మంచుకొండ ఎక్కి తీరాలి' అని ఒక సంఖ్య వేసుకుంటారు. కాళ్లకు పొడుగాటి బద్దలు తగిలించుకుని మంచువాలు మీద జర్రున జారే ఆట అది, స్కీయింగ్ అంటారు. మన దేశంలోనూ కాశ్మీరంలోని గుల్‌మార్గ్‌లో, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో ఆడుతూనే వున్నారు. ఆటకు పనికివచ్చే మంచు వుండేది ఏడాదిలో నాలుగైదు నెలలు. అందులో ఉద్యోగాలూ, పిల్లల చదువులూ, దూరాభారాలూ పోగా చేతికి చిక్కేది కొద్ది రోజులు. అంచేత ఎంత వేగంగా జారామన్న దానికన్నా, ఎన్ని రోజులు వెళ్లామన్న లెక్కే చాలామంది గృహస్థులకు ముఖ్యం.

నా పాత శిష్యుడొకడు అమెరికాలో, కొలరాడోలో ఉద్యోగం చేస్తున్నాడు. అతని సంఖ్య 20. 'ఇరవయ్యే ఎందుకోయ్?' అని ఫోనులో అడిగితే నవ్వి ఒక లెక్క చెప్పాడు. అక్కడ మంచు పడకముందే ఆ కాలమంతటికీ చెల్లే పాసు కొనుక్కుంటారట. పాసు ఖరీదు 900 డాలర్లనుకుందాం. పది రోజులు వెళితే రోజుకు 90 పడుతుంది. ముప్ఫయి రోజులు వెళితే రోజుకు 30. వెళ్లినకొద్దీ ఆట చవక! 'అయితే మాస్టారూ, ఈ చవక కోసం జ్వరంతోనూ వెళ్లేవాళ్లున్నారు. వెళ్లి, ఒక్కసారి జారి, రోజు లెక్కలో వేసుకుని ఇంటికి వచ్చేస్తారు' అన్నాడు.

ఆ చివరి మాట నా మనస్సులో నాటుకుంది. ఎందుకంటే ధరణికోటలో నాకూ అటువంటి లెక్క ఒకటి వుంది. మంచు కాదు లెండి, కృష్ణలో ఈత.

నలభై దాటిన అధ్యాపకుడి శరీరం ఎలా వుంటుందో వేరే చెప్పాలా? పాఠం చెప్పినంతసేపూ నిలబడడం, దిద్దినంతసేపూ కూర్చోవడం. రక్తంలో చక్కెర హద్దు దాటుతున్నదనీ, రోజూ ఒళ్లు కదలాలనీ డాక్టరుగారు హెచ్చరించారు. నాకు చిన్నప్పటినుంచీ వచ్చిన విద్య ఈత ఒక్కటే. ఇంటికి నడిచిపోయేటంత దూరంలో ఏరు వుంది. కాని ఏరు ఏడాది పొడుగునా మన మాట వినదు గదా! శ్రావణ భాద్రపదాల్లో వరద. ఆశ్వయుజంలో బురద నీరు. వరద తీసి, నీరు తేటబడి, ఒడ్డు కనబడేది కార్తికంలో. అక్కడినుంచి మహాశివరాత్రి దాకా ఈతకు అనువైన కాలం. ఆ పైన ఎండలు, ఇసుక తిన్నెలు.

2023లో నేను పంచాంగం ముందు పెట్టుకుని ఈ కాలాన్ని రోజుల్లోకి మార్చాను. నవంబరు 14న కార్తిక శుద్ధ పాడ్యమి. 2024 మార్చి 8న మహాశివరాత్రి. రెండు తేదీలూ కలుపుకుంటే సరిగా 116 రోజులు! కట్నాలకూ కానుకలకూ మనవాళ్లు వాడే నూటపదహారే. శుభసంఖ్యే గాని, నూటపదహారు రోజులూ ఏట్లోకి దిగుతాననుకోవడం శుభలక్షణం కాదు.

కాలానికి ఇన్ని రోజులని సంఖ్య కట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. కార్తిక స్నానాలు నెల్లాళ్లు. ధనుర్మాసం నెల్లాళ్లు. అయ్యప్ప దీక్ష మండలం, అంటే 41 రోజులు. సోమవారాల వ్రతానికి పదహారు. మన పూజల్లో సంకల్పం చెప్పించేటప్పుడు పురోహితుడు ఏం చేస్తాడో గమనించండి. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం — ఇవన్నీ చెప్పి, ఏ నదులకు మధ్య ఏ చోట వున్నామో చెప్పి, గోత్రమూ పేరూ చెప్పి, ఆ తరవాతనే కోరిక చెప్పిస్తాడు. కాలమూ చోటూ తేల్చకుండా అనుకున్నది ఉత్త కోరికే గాని సంకల్పం కాదని పెద్దల ఉద్దేశం కాబోలు. 'ఈ ఏడు బాగా ఈదాలి' అన్నది కోరిక. 'కార్తికం నుంచి శివరాత్రి లోపల ధరణికోట రేవులో ఇన్ని రోజులు' అన్నది సంకల్పం.

ఇంకొక తమాషా వుంది. మా ఊరే ఒకప్పటి ధాన్యకటకం. సాతవాహనుల కాలపు పట్టణం. 1960 దశకంలో పురావస్తు శాఖవారు ఇక్కడ తవ్వితే కోటగోడతోపాటు, పడవలు వచ్చే కాలువా, అవి ఆగే రేవూ బయటపడ్డాయి. పక్కనే అమరావతిలో మహాచైత్యం. బౌద్ధ భిక్షువులకు వర్షావాసమని ఒక నియమం వుంది. వానాకాలం మూడు నెలలూ ఊళ్లు తిరగకుండా ఒకే చోట వుండాలి. ఒక భిక్షువు పెద్దా చిన్నా అన్నది అతని వయస్సునుబట్టి తేల్చరు. దీక్ష పుచ్చుకున్న తరవాత ఎన్ని వర్షావాసాలు గడిపాడో అదే లెక్క. కాలాన్ని కొలిచి మనిషిని లెక్కగట్టడమన్నమాట.

అయితే ఆ నియమంలోని అసలు అందం ఇంకొక చోట వుంది. వినయ పిటకం ప్రకారం ఆషాఢ పున్నమి మర్నాడు వాసం మొదలుపెట్టలేకపోయిన భిక్షువు మరొక నెల తరవాత మొదలుపెట్టవచ్చు. మధ్యలో తల్లిదండ్రులకు జబ్బు చేయడంవంటి తప్పనిసరి పని పడితే ఏడు రోజులకు మించకుండా వెళ్లి రావచ్చు. వాసం చెడదు. మన వ్రతాల్లోనూ ఈ దయ కనబడుతుంది. కార్తికం నెల్లాళ్లూ తెల్లవారుజామున లేవలేనివారు ఏకాదశి నుంచి పున్నమి దాకా భీష్మపంచకమనే అయిదు రోజులయినా పట్టుకుంటారు. అంటే, నియమం పెట్టినవాళ్లకు మనిషి సంగతి తెలుసును. తప్పే రోజులు వుంటాయని ముందే ఒప్పుకుని, వాటికి చోటు వదిలి, ఆ పైన గీత గీశారు.

నేనూ ఆ పద్ధతే పట్టాను. 116లోంచి మొదట పోయే రోజులు తీసేశాను. కాలేజీ పరీక్షల పనికి 12. సంక్రాంతికీ ప్రయాణాలకూ 8. వాన, దట్టమైన మంచు, జలుబు జ్వరాలు — వీటికి 15. తోడు దొరకని రోజులు 10. కార్తిక సోమవారాలూ శివరాత్రీ కలిసి రేవు కిటకిటలాడే రోజులు 5. మొత్తం 50 పోగా మిగిలినవి 66.

ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్లి మా ఆవిడకు చూపించాను. ఆవిడ చదివి, 'బాగానే వుందండీ. మీరు ఏట్లో వున్న ఆ గంటలో పాలు కాచేదెవరు, పిల్లను లేపేదెవరు, బస్సు ఎక్కించేదెవరు? మీ అరవై ఆరు రోజుల కింద నావి అరవై ఆరు తెల్లవారుజాములు వున్నాయి. వాటిని ఏ పద్దులో రాశారు?' అంది.

న్యాయమైన ప్రశ్న. అక్కడికక్కడే కూర్చుని పంచుకున్నాం. 66 కాస్తా 60 అయింది. అదే కాలంలో ఆవిడకు 25 రోజులు రాసుకున్నాం. ఆ ఉదయాల్లో ఆవిడ పొయ్యి వెలిగించదు. అమరేశ్వరుని గుడికి వెళుతుందో, అరుగు మీద కూర్చుని పత్రికే చదువుకుంటుందో ఆవిడ ఇష్టం. ఆ పూట కాఫీ ఫలహారాలు నావి.

తరవాత, దేన్ని రోజుగా లెక్కించాలన్న ప్రశ్న. మోకాటి లోతులో మునిగి లేస్తే స్నానం అవుతుంది గాని ఈత అవుతుందా? అంచేత మూడు షరతులు రాసుకున్నాను. ఇరవై నిమిషాలకు తక్కువైతే లెక్కలోకి రాదు. తోడు లేనిదే దిగడం లేదు. నీరు రంగు మారినా, వడి పెరిగినా ఒడ్డు మీదనుంచే నమస్కారం. నా తోడు మా వీధిలోని రిటైరైన పోస్టుమాస్టరుగారు. ఒడ్డున కనిపెట్టుకుని వుండేది పడవ నడిపే పెద్దాయన.

ఈ మూడో షరతు ఉత్త భయం కాదు సుమండీ. కృష్ణ మన క్యాలెండరు చూసి నడవదు. 2021 ఆగస్టు 5న ఎగువన పులిచింతల ప్రాజెక్టు 16వ గేటు కొట్టుకుపోయి, నీరు ఒక్కసారిగా కిందికి దూకింది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజి దగ్గర వరద 11 లక్షల 10 వేల క్యూసెక్కులకు చేరింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ లెక్కనూ దాటి 11 లక్షల 43 వేలు వచ్చింది. అంతటి వరద పోయాక ఏటి అడుగు నిరుటి అడుగు కాదు. నిరుడు ఇసుక మేట వున్నచోట ఈ ఏడు నిలువెత్తు గుంట వుండవచ్చు. ఈతగాళ్లను మింగేది చాలాసార్లు వడి కాదు. తెలిసిన చోటే కదా అన్న ధీమా.

ఇక 2023-24 జమాఖర్చు వినండి. కార్తికం బాగానే మొదలైంది. డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుఫాను తీరం దాటింది. వానలూ, బురద నీరూ కలిసి వారం రోజులు తినేశాయి. కార్తికం ముగిసేసరికి 14. మార్గశిరంలో 18. పుష్యంలో సంక్రాంతి చుట్టాలు పోగా 14. మాఘంలో చిక్కు వచ్చిపడింది. ఆ ఏడు ఎగువన వానలు తక్కువ కావడంచేత నీరు తీసి, రేవు దగ్గర నడుము లోతైనా లేదు. ఈదాలంటే ఇసుక దాటి చాలా దూరం లోపలి పాయ దాకా నడవాలి. ఎంత పట్టుపట్టినా 11. మొత్తం 57.

శివరాత్రికి మూడు రోజులు మిగిలాయి. సంఖ్యకూ మూడే తక్కువ! సరిగా అప్పుడే పోస్టుమాస్టరుగారు కూతురి ఊరికి వెళ్లారు. మొదటి రోజు తెల్లవారుజామున ఒడ్డు మీద నిలబడి పాయవైపు చూస్తున్నాను. పడవ కట్టేస్తూ పెద్దాయన అడిగాడు:

'ఏం మాస్టారూ, ఒక్కరే వచ్చారు?'

'మూడు రోజులు తక్కువ పడ్డాయి పెద్దాయనా.'

'లెక్క తప్పితే వచ్చే ఏడు దిద్దుకోవచ్చు మాస్టారూ. అడుగు తప్పితే దిద్దుకునేదేముంది?'

మా ఊళ్లో ఏరు తీసుకున్నవాళ్ల పేర్లు ఆయనకు నోటికి వచ్చును. తుండుగుడ్డ భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాను. మిగతా రెండు రోజులూ రేవు మెట్ల మీదనే నడిచాను. లెక్క 57 దగ్గరే నిలిచిపోయింది.

మిహిర్ సేన్ 1958లో ఇంగ్లీషు ఛానెల్ ఈదిన మొదటి భారతీయుడయ్యాడు. 1966లో ఒక్క ఏడాదిలోనే పాక్ జలసంధి మొదలు పనామా కాలువ దాకా అయిదు చోట్ల ఈదాడు. అది సాహసికుల లెక్క. అక్కడ ఒక్కసారి అవతలి ఒడ్డు చేరితే చరిత్ర అవుతుంది. మనవంటి సంసారులకు అవతలి ఒడ్డుతో పనిలేదు. మళ్లీ రేపు ఇదే ఒడ్డుకు రాగలగాలి. దానికే రోజుల లెక్క. నిద్రమత్తులో 'ఈ పూటకు మానేద్దాం' అనిపించినప్పుడు మంచం మీదనుంచి లేవదీసేది ఆ సంఖ్య. అదే సంఖ్య జ్వరంలోనూ, వరదలోనూ, తోడు లేనప్పుడూ ముందుకు తోస్తే, అప్పుడది నౌకరు వేషం విప్పి యజమాని అయిందన్నమాట. వెళ్లకూడని రోజులను కూడా ముందే తనలో కలుపుకున్న సంఖ్యే ఇంట్లో వుంచుకోదగినది.

'చక్కెర తగ్గిందా?' అని అడుగుతారు. కొంత తగ్గింది. మాత్రలు మాత్రం మానవద్దన్నారు డాక్టరుగారు. నడుము పట్టు వదిలింది. పిల్లకు ఈత నేర్పమని ఇంట్లో కొత్త దరఖాస్తు వచ్చింది.

మీది ఏరే కానక్కరలేదు. వేసవి ఉదయాల నడక కావచ్చు, శ్రావణంలో పెరటి మొక్కల పని కావచ్చు, దసరా సెలవుల్లో పుస్తకాలు కావచ్చు. మొదలు ఏ రోజు, చివర ఏ రోజు అన్నది క్యాలెండరు మీద గుర్తు పెట్టండి. పోయే రోజులు నిజాయితీగా తీసివేయండి. మీ తీరిక వెనుక ఎవరి పని వుందో వారిని పక్కన కూర్చోబెట్టుకుని అప్పుడు సంఖ్య వేయండి.

ఆ ఏడు మా క్యాలెండరులో ఎర్ర పెన్సిలు గుర్తులు నావి, నీలం గుర్తులు ఆవిడవి. ఎర్రవి 57. నీలం గుర్తులు లెక్కపెడితే సరిగా 25. సంకల్పం పూర్తిగా నెరవేర్చుకున్నది మా ఇంట్లో ఆవిడే. నా ఉప్మా పాతిక సార్లు తినవలసి వచ్చిన పిల్లకు ఏ ఫలం దక్కుతుందో మాత్రం ఏ వ్రతకథలోనూ చెప్పినట్టు లేదు.