మీకు తెలుసా? తళతళ నుంచి తహతహ దాకా

కొత్వాల్‌గూడ పక్కన హిమాయత్‌సాగర్ నీళ్లు ఎండకు తళతళలాడతాయి. శంషాబాద్‌లో విమానమెక్కి జపాన్ వెళితే, అక్కడివాళ్లు ఆ మెరుపును ‘కిరకిర’ అంటారు.

• జపాన్‌లో ఇలాంటి మాటలను మూడు రకాలుగా చూస్తారు. చప్పుడును అనుకరించేవి గియోంగో, రూపాన్నీ తీరునూ చూపేవి గితైగో, మనసు స్థితిని చెప్పేవి గిజోగో. 2007లో షోగకుకాన్ సంస్థ 4,500 మాటలతో వీటికి ప్రత్యేక నిఘంటువు వేసింది.

• తెలుగులోనూ ఈ మూడూ ఉన్నాయి. గాజుల గలగల చప్పుడు. నేరేడుపండు నిగనిగ రూపం. ఊరెళ్లాలనే తహతహ మనసు.

• గుండె మనకు దడదడలాడితే వాళ్లకు ‘దొకిదొకి’. చిరాకు ‘ఇరఇర’, చిరునవ్వు ‘నికొనికొ’.

• జపనీస్‌లో తొలి హల్లు మారితే భావమూ మారుతుంది. నక్షత్రాలది ‘కిరకిర’, మండే ఎండది ‘గిరగిర’.

• తెలుగులో చాలా మాటలకు తోడు క్రియ ఉంటుంది. గజగజ వణుకుతాం, పకపకా నవ్వుతాం. పెళ్లిల్లు కళకళలాడుతుంది, జనం రాని సభ వెలవెలబోతుంది.

• ద్రావిడ, ఇండో-ఆర్య, ముండా కుటుంబాల భాషల్లో ఇలాంటి మాటలు ఉన్నాయని, ఇది భారత భాషల ఉమ్మడి లక్షణమని భాషాశాస్త్రవేత్త ఎమెనో 1969లో ఒక వ్యాసంలో చూపారు.

రుసరుస, గుబగుబ, మిలమిల లాంటి మాటలు తెలుగులో ఇంకా ఎన్నో ఉన్నాయి. పిల్లలతో మాట్లాడేటప్పుడు వీటిని ధారాళంగా వాడండి. వాడుకే వీటికి ప్రాణం.