యాభై మూడు నిమిషాల బొమ్మ

దుండిగల్‌లో టిఫిన్ వేళకి ఆకాశంలో మోత మొదలవుతుంది. గండిమైసమ్మ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డ కాలేజీ పిల్లలు తలెత్తి కూడా చూడరు, అలవాటైపోయింది. ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో చేరినవాళ్లు పిలాటస్ విమానాల మీద చెయ్యి తిప్పుకుంటుంటారు. ముందు సీట్లో నేర్చుకునేవాళ్లు, వెనక సీట్లో నేర్పేవాళ్లు. ఒక పూట ఆ వెనక సీటు ఖాళీగా ఉంటుంది. దాన్నే సోలో అంటారు. ఆ పూట విమానాన్ని లేపిందెవరు, దించిందెవరు అని ఎవరూ అడగరు. 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా అడుగు బయట పెట్టింది ఈ అకాడమీ నుంచే. యూనిఫాం మీద ఎవరి పేరు వాళ్లకే ఉంది.

ఆ గోడ దాటి ఏ ఊళ్లోకి వెళ్లినా ఫ్లెక్సీలు వేరే లెక్క చెబుతాయి. తెలంగాణ స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. గెలిచినామె ఫొటో ఫ్లెక్సీ మీద ఉంటుంది, నిజమే. పక్కన ఆమె భర్తది కూడా ఉంటుంది, ఒక్కోసారి ఆమెదానికంటే కాస్త పెద్దగా. ‘సార్ ఉన్నారా?’ అని ఫోన్ చేసేవాళ్లకి ఏ సారో విడిగా చెప్పనక్కర్లేదు.

ఈ వారం కథ ఆ వెనక సీటు గురించే. అందులో ఒక్క పూటైనా కూర్చోకుండా, విమానం నడిపింది తనేనని పదేళ్లపాటు లోకాన్ని నమ్మించిన ఒక మొగుడి గురించి. ఊరు దుండిగల్ కాదు, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో. మనకి కొత్తగా మాత్రం అనిపించదు.

అతని భార్య పేరు మార్గరెట్. 1927లో టెనెసీ రాష్ట్రంలో పుట్టింది. రెండేళ్ల వయసులో చెవికి ఆపరేషన్ జరిగి కర్ణభేరి దెబ్బతింది. మాట సరిగా వినబడని పిల్ల ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి సంగతి పట్టుకోవడం నేర్చుకుంది. పెద్దయ్యాక ఆమె గీసిన పిల్లలందరికీ మొహంలో సగం కళ్లే. బెంగగా, చెమ్మగా, సాసర్లంత కళ్లు.

మొదటి పెళ్లి చెడింది. కూతుర్ని వెంటబెట్టుకుని బొమ్మలు వేసుకుంటూ బతుకుతున్న రోజుల్లో వాల్టర్ కీన్ తగిలాడు. స్థలాలు, ఇళ్లు అమ్మిపెట్టే మనిషి, మాటకారి. పారిస్‌లో చిత్రకళ చదివానని చెప్పుకునేవాడు. 1955లో పెళ్లి చేసుకున్నారు. భర్త బొమ్మలు అమ్మిపెడతానంటే కాదనే భార్య ఎవరు? శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘హంగ్రీ ఐ’ అనే క్లబ్బు గోడలకి ఆమె బొమ్మలు తగిలించి, రోజూ రాత్రిపూట అక్కడ నిలబడి అమ్మేవాడు. ఒక రాత్రి ఆమె కూడా వెళ్లింది. ఎవరో దగ్గరికొచ్చి, ‘మీరు కూడా బొమ్మలేస్తారా?’ అని అడిగారు. ఆ ‘కూడా’ దగ్గర ఆమెకి సంగతంతా అర్థమైంది.

ఇంటికెళ్లి నిలదీసింది. ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: డబ్బులు అవసరం, బొమ్మ వేసినవాడే ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాడనుకుంటే కొనేవాళ్లు ఎక్కువ పెడతారు, ఇప్పుడు నిజం చెబితే మోసం కింద కేసులు పడతాయి. పోనీ నాకూ నేర్పమన్నాడు. నేర్పింది. ఆయనకి రాలేదు. రాకపోవడానికి తప్పు ఆమెదేనన్నాడు.

ఇక్కడ కాసేపు ఆగుతాను. సొమ్మొకడిది సోకొకడిది అని మనం తేలిగ్గా అనేస్తాం కానీ, ఆ సొమ్ము ఒక్కరోజులో చేతులు మారదు. దొంగతనం అయితే తెల్లారేసరికి తెలిసిపోతుంది. ఇది అలాంటిది కాదు. మర్యాదగా, కొద్దికొద్దిగా ఇచ్చేసేది. ‘వచ్చినవాళ్లతో ఆయన మాట్లాడతార్లే’ అని ఒకసారి, ‘నలుగుర్లో ఎందుకు పరువు తీయడం’ అని ఇంకోసారి. మన దగ్గర దీనికి మంచి పేరే ఉంది, గుట్టు. గుట్టుగా కాపురం చేసుకునే పిల్ల అంటే అంతకు మించిన సర్టిఫికెట్ లేదు. మార్గరెట్ కూడా గుట్టు కాపాడింది. విలేకరుల ముందు భర్త పక్కన కూర్చుని, ఆయన చెప్పే అబద్ధానికి తల ఊపింది. ఆ పాపంలో తనకూ వాటా ఉందని తర్వాత తనే ఒప్పుకుంది.

పైగా సంతకం ఆయనకి బాగా కలిసొచ్చింది. బొమ్మ మూల ఆమె రాసేది ‘కీన్’ అని. పెళ్లితో వచ్చిన ఇంటిపేరు. పేరు లేని ఇంటిపేరు ఎవరిదైనా కావచ్చు, లోకం దాన్ని మగవాడి ఖాతాలోనే వేస్తుంది. మన ఇంటిపేరు ముందొస్తుంది, వాళ్లది వెనకొస్తుంది. తేడా అంతే. పొడుగు మెడల ఆడవాళ్ల బొమ్మలు ఇంకో శైలిలో వేసి, వాటి మీద తన పేరు తెలిసేలా పెట్టుకునేది. అవి భార్యగారి సరదా కింద చెల్లిపోయాయి.

పెద్దకళ్ల పిల్లలు మాత్రం విపరీతంగా అమ్ముడుపోయారు. పోస్టర్లయి, కార్డులయి పెట్రోలు బంకుల దాకా వెళ్లారు. ఆమె కిటికీ తెరలు దించేసిన గదిలో రోజుకి పదహారు గంటలు గీసేది. ఆ గదిలోకి పనివాళ్లకి కూడా ప్రవేశం లేదు. ఆయన బయటికెళ్తే ఇంట్లోనే ఉందో లేదో గంటగంటకీ ఫోన్ చేసి కనుక్కునేవాడు. నోరు విప్పితే నిన్నూ నీ కూతుర్నీ చంపిస్తానని బెదిరించేవాడని తర్వాత చెప్పింది. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం వందమంది దాకా పిల్లల్ని ఒకే కాన్వాసులోకి ఎక్కించిన భారీ చిత్రం వేయించాడు. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు జాన్ కెనడే దాన్ని చీల్చి చెండాడాడు, నిర్వాహకులు దించేశారు. ఆ తిట్లు కూడా పాపం వాల్టరే తిన్నాడు. ఆమె వాటాకి అవీ దక్కలేదు.

ఇలాంటి గది ఫ్రాన్సులోనూ ఒకటి ఉండేది. 1900లో క్లాడిన్ నవల విల్లీ అనే పేరుతో వచ్చి ఊపేసింది. రాసింది ఆయన భార్య కొలెట్. ఇన్ని పేజీలు పూర్తయ్యేదాకా గదికి తాళం వేసేవాడని ఆవిడే చెప్పుకుంది.

మన సాహిత్యంలోకి వస్తే కథ అడ్డం తిరిగి నవ్వు తెప్పిస్తుంది. వారపత్రికల స్వర్ణయుగంలో రచయిత్రుల పేర్లకి ఎంత గిరాకీ అంటే, మగవాళ్లే ఆడపేర్లతో రాశారు. ‘ఇల్లాలి ముచ్చట్లు’ అనగానే అందరికీ గుర్తొచ్చే పురాణం సీత అసలు కలం పురాణం సుబ్రహ్మణ్యశర్మది. ఇక బీనాదేవి అనేది భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులు కలిసి పెట్టుకున్న కలంపేరు. భర్త పోయాక కూడా ఆవిడ ఆ పేరుతోనే రాశారు. ఆడపేరు వాడుకున్న మగవాడు, భార్యతో పేరు పంచుకున్న భర్త, ఇద్దరూ మనకున్నారు. కీన్ లాంటివాడు తెలుగులో లేడని మాత్రం నేను పూచీ పడను. గుట్టు గట్టిదైతే కథ బయటికే రాదు.

చట్టానికి మన దేశంలో ఈ విషయంలో గుట్టు లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులన్నీ అమ్మేసుకున్నా సరే, ‘ఇది నా కృతి’ అని చెప్పుకునే హక్కు సృష్టించినవాళ్ల దగ్గరే ఉండిపోతుంది. బొమ్మ అమ్ముడుపోయినా ఆ హక్కు పోదు, పెళ్లైనా పోదు.

మార్గరెట్ 1964లో ఇల్లు విడిచింది, మరుసటి ఏడు విడాకులు. హవాయి దీవులకి చేరి, 1970లో మొదటిసారి లోకానికి నిజం చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కో యూనియన్ స్క్వేర్‌లో అందరి ఎదుటా ఇద్దరం బొమ్మలు వేద్దాం రమ్మంది. వాల్టర్ రాలేదు. పైగా ఆ బొమ్మలు తనవేనని పత్రికలతో చెబుతూనే పోయాడు. చివరికి అతని మీద, అతని మాట అచ్చేసిన యూఎస్‌ఏ టుడే మీద పరువునష్టం దావా వేసింది. 1986లో హోనోలులు ఫెడరల్ కోర్టు. సాక్షులు చెప్పినంతా చెప్పాక, జడ్జి ఇద్దరినీ అక్కడే బొమ్మ వేయమన్నాడు.

కాన్వాసు పెట్టారు. గురువూ లేడు, వెనక సీటూ లేదు. తెరలు దించిన గదిలో పదేళ్లు గీసిన మనిషి, ఈసారి జ్యూరీ మొత్తం చూస్తుండగా గీసింది. యాభై మూడు నిమిషాల్లో పెద్దకళ్ల పిల్ల తయారైంది. దానికి సాక్ష్యం కింద 224 అని నంబరు పడింది. జ్యూరీ 40 లక్షల డాలర్లు ఇప్పించమంది. 1990లో అప్పీలు కోర్టు పరువునష్టం నిజమేనని చెప్పి, డబ్బు మాత్రం కొట్టేసింది. డబ్బు రాకపోయినా ఆమెకి పెద్ద పట్టింపు లేకపోయింది. వాల్టర్ 2000లో చనిపోయేదాకా మాట మార్చుకోలేదు. ఆమె 2022లో, 94 ఏళ్ల వయసులో పోయింది. మధ్యలో 2014లో టిమ్ బర్టన్ ఈ కథని ‘బిగ్ ఐస్’ సినిమాగా తీశాడు.

ఇంతకీ ఆ రోజు కోర్టులో వాల్టర్ ఎందుకు వేయలేదు? భుజం నొప్పిగా ఉందన్నాడు.

భుజం నొప్పి అనగానే నాకు మన వైపు ఇంకో భుజం గుర్తొస్తుంది. ఆలేరు దగ్గర శారాజీపేట. పోచంపల్లి పద్ధతి పట్టుచీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంగా నిలబెట్టిన మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ పోవాలి. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడుతుంది. రంగు ఎక్కడ పడాలో, పువ్వు ఎక్కడ విచ్చాలో ఈ లెక్కలోనే తేలుతుంది. ఒక్క పోగు తప్పితే డిజైను తప్పినట్టే. ఈ పని ఇళ్లలో ఎక్కువగా ఆడవాళ్లదే. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. ఆసు పోసినామె ‘ఇంట్లో సాయం చేస్తుంది’.

మన భాషని చూడండి. నేతన్న, రైతన్న. గోడల మీద, పథకాల పేర్లలో, పాటల్లో అంతటా అన్నలే. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో ఈ పనిలో ఉన్నవాళ్లు 35.22 లక్షల మంది, అందులో 72 శాతం ఆడవాళ్లు. నూటికి డెబ్బై రెండుమంది అక్కచెల్లెళ్లున్న ఇంటికి అన్న పేరు పెట్టుకున్నాం. ఇక్కడ వాల్టర్ లాంటి దుర్మార్గుడెవరూ లేడు, అందుకే ఇది ఇంకా చిక్కు. అబద్ధం ఎవరూ ఆడలేదు. ఆమె పేరు ఎవరూ అడగలేదు, అంతే.

శారాజీపేటలో ఒక తల్లి ఇక ఆసు పోయలేను, భుజం పడిపోతోంది అంది. చదువు ఆరో తరగతితో ఆగిన కొడుకు చింతకింది మల్లేశం, ఆ చెయ్యి చేసే పని యంత్రంతో చేయించాలని ఏళ్ల తరబడి కుస్తీ పట్టాడు. ఊళ్లో నవ్వారు. అప్పులయ్యాయి. చివరి చిక్కుముడి విడిపోయింది హైదరాబాద్‌లో, బాలానగర్ వర్క్‌షాపులో పనికి వెళ్లినప్పుడు. అక్కడ తిరుగుతున్న ఒక మిషన్ కదలిక చూసి ఆయనకి దారి దొరికింది. బాలానగర్ నుంచి అదే నర్సాపూర్ రోడ్డు పట్టుకుని వస్తే జీడిమెట్ల, గండిమైసమ్మ, ఆ తర్వాత మన దుండిగల్. 1999లో యంత్రం పూర్తయింది. గంటల తరబడి సాగే పని గంటన్నరకి వచ్చింది. 2017లో పద్మశ్రీ, 2019లో ఆయన పేరుతోనే సినిమా. అన్నీ ఆయనకే వచ్చాయి, రావలసిందే.

కానీ యంత్రానికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు మల్లేశం తన పేరు పెట్టుకోలేదు, ఇంటిపేరూ పెట్టలేదు. దాన్ని ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అంటారు. లక్ష్మి వాళ్లమ్మ.