గులాబీకి టీ పొడి వేసే ముందు బోరు నీళ్లు చూడండి

గులాబీ చలిదేశాల పువ్వు, మన ఎండలకు బతకదు. జనగామ వైపు ఈ మాట చెప్పి మొక్క కొనకుండానే ఊరుకునేవాళ్లున్నారు. అది నిజమైతే ఢిల్లీలో గులాబీ అనేదే ఉండకూడదు. భారత వ్యవసాయ పరిశోధనా మండలికి తొలి డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన గోధుమ శాస్త్రవేత్త బి.పి. పాల్ ఎన్నో కొత్త గులాబీ రకాలను సృష్టించింది ఆ ఢిల్లీ ఎండల్లోనే. అంతదూరం ఎందుకు, హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు చేవెళ్ల, శంషాబాద్ వైపు రైతులు గులాబీలు తెస్తూనే ఉన్నారు. మన జనగామ జిల్లా తరిగొప్పులలోనైనా అంతే. ఎండాకాలంలో పూలు చిన్నవవుతాయి, రంగు వెలుస్తుంది, రేకుల అంచులు మాడతాయి. మొక్క మాత్రం చావదు. రోజుకు ఐదారు గంటల ఎండ దానికి కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట కాస్త నీడ దొరికితే చాలు.

మరి మొక్కలు ఎందుకు పోతున్నాయి? ఎక్కువగా నీళ్ల వల్ల, వేళ్ల దగ్గరి మట్టి వల్ల. ఆ రెండింటినీ వదిలేసి మనం వంటింట్లో మందులు వెతుకుతాం.

అన్నింటికన్నా పేరున్న మందు టీ పొడి. మన ఇళ్లలో టీ అంటే పాలు, చక్కెర వేసి మరిగించింది. ఆ పిప్పిని తెచ్చి మొక్క మొదట్లో పోస్తే ముందు వచ్చేవి చీమలు, తర్వాత బూజు. బాగా కడిగి, ఎరువు కుప్పలో వేసి కుళ్లనిస్తే పనికొస్తుంది. అరటి తొక్కలూ అంతే, కుళ్లేదాకా మొక్కకు పెద్దగా అందేదేమీ లేదు. గుడ్డు పెంకుల సంగతి వేరు. అవి సున్నమే. మన బోరు నీళ్లలో సున్నానికి కొరత ఉంటే కదా! నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లటి పొర చూడండి. కుండీ అంచున పేరుకునేదీ అదే.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. లేత ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. "బలం చాలట్లేదు" అని యూరియా, డీఏపీ గుప్పిస్తారు. మట్టిలో ఇనుము లేక కాదు, ఈ సున్నపు నీళ్లతో మట్టి క్షారం వైపు మళ్లి ఆ ఇనుము వేరుకు అందక ఆకు పాలిపోతుంది. డీఏపీలోని భాస్వరం ఎక్కువైతే ఇనుము ఇంకా అందదు. తుప్పు మేకులు పాతిపెట్టినా ఫలితం లేదు, ఆ మట్టిలో తుప్పు కరగదు. వరి నారుమడి పసుపెక్కితే రైతులు పిచికారీ చేసే అన్నభేదే (ఫెర్రస్ సల్ఫేట్) ఇక్కడా మందు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం పూట ఆకులు తడిసేలా కొట్టాలి. వారం ఆగి మళ్లీ కొడితే పాలిపోయిన లేత ఆకులు పచ్చబడతాయి. వానాకాలంలో చూరు నీళ్లు పట్టి పోస్తే అంతకన్నా మంచిది.

ఇక రెండో సంగతి, మట్టి. "నర్సరీ కవర్‌లోని మట్టి ముద్ద చెదరకుండా అలాగే పాతాలి" అంటారు. ఆ ముద్ద జిగట మట్టిది. ఎండితే రాయి. మీరు రోజూ బిందెడు నీళ్లు పోసినా అవి ముద్ద చుట్టూ జారిపోతాయి, నడిమి వేరు ఎండే ఉంటుంది. కవర్ కోసి ముద్దను బకెట్ నీళ్లలో ముంచండి. బుడగలు ఆగేదాకా ఉంచి, పై మట్టిని వేళ్లతో మెల్లగా రాల్చి నాటండి. అంటు కట్టిన చోటు మట్టిపైనే ఉండాలి. ఆ తర్వాత రోజూ నీళ్లు పోయాలన్నది కూడా అపోహే. వేలు గుచ్చి చూసి, రెండంగుళాల లోతు పొడిగా ఉంటేనే పోయండి.

ఏడాకుల కొమ్మ అడవిది, కోసేయాలి అంటారు. మంచి రకాల్లోనూ ఏడాకులు వస్తాయి. కొమ్మ అంటు కింద నుంచి పుట్టిందా, పై నుంచా అన్నదే లెక్క. కింద పుట్టిందైతే మొదలంటా పెరికేయండి.

ఆకు అంచున నాణెం పెట్టి కత్తిరించినట్టు గుండ్రటి కోత కనిపిస్తే మందు డబ్బా తీయకండి. అది ఆకులు కత్తిరించే ఒంటరి తేనెటీగ పని. ఆ ముక్కలతో పిల్లలకు గూడు కట్టుకుంటుంది. మొక్కకు నష్టం లేదు, చుట్టుపక్కల పూలకు పరాగసంపర్కం చేసిపెడుతుంది కూడా.

నీలం గులాబీ గింజలంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవి కొనకండి. గులాబీలో సహజంగా నీలి వర్ణకమే లేదు. జపాన్‌లో సంటోరీ కంపెనీ జన్యుమార్పిడితో తయారుచేసి 2009లో అమ్మిన 'నీలి' గులాబీ కూడా లేత వంగపండు రంగే.

చివరగా కత్తెర. కోస్తే మొక్క నీరసిస్తుందని ఏళ్ల తరబడి ముట్టుకోని ఇళ్లున్నాయి. అక్కడ కొమ్మలు వెదురులా సాగి, కొసన ఒక్క పువ్వు పూస్తుంది. బతుకమ్మ, దసరా వెళ్లాక ఎండు కొమ్మలు తీసేసి, మిగిలినవి సగానికి, బయటివైపు చూసే మొగ్గకు కొంచెం పైన కోయండి. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయండి, లేకపోతే అక్కడి నుంచి కొమ్మ నల్లబడి కిందికి ఎండుతుంది. కోసిన సుమారు 45 రోజులకు పూలొస్తాయి. సంక్రాంతికి కావాలంటే నవంబర్ ఆఖరులో కత్తెర పట్టండి.