బ్యాకప్ ఉందంటే చాలదు

2017 జనవరి 31 రాత్రి. గిట్‌ల్యాబ్ సంస్థ ఇంజనీరు ఒకరు డేటాబేస్ నకలు ఉండే రెండో సర్వర్లో ఉన్నాననుకుని ఒక ఫోల్డర్‌ను చెరిపేసే కమాండ్ కొట్టాడు. తీరా అది అసలు డేటాబేస్ ఉన్న మొదటి సర్వర్. ఒకటి రెండు సెకన్లలోనే గ్రహించి ఆపేశాడు గానీ, అప్పటికే దాదాపు 300 గిగాబైట్లు పోయి 4.5 గిగాబైట్లు మిగిలాయి. దేశదేశాల ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు అక్కడితో ఆగిపోయింది.

అంత డేటా రెండు సెకన్లలో ఎలా పోతుందని అనుమానం రావచ్చు. ఫైల్‌ను చెరపడమంటే డిస్కు మీద రాసినదంతా తుడవడం కాదు. ఆ ఫైల్ పేరునూ, అది డిస్కులో ఎక్కడుందో చెప్పే వివరాలనూ తీసేసి, ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకోవడమే. రాయడానికి గంటలు పట్టిన డేటాను పోగొట్టుకోవడానికి క్షణం చాలేది అందుకే.

గిట్‌ల్యాబ్ వాడేది పోస్ట్‌గ్రెస్. 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన ప్రాజెక్టు నుంచి పుట్టి, ఇప్పుడు ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగే డేటాబేస్ ఇది. పాతకాలపు కొట్లలో బేరం జరగ్గానే ముందు చిట్టాలో రాసి, తీరిగ్గా ఆవర్జాకు ఎక్కించేవారు. పోస్ట్‌గ్రెస్ పద్ధతీ అదే. ప్రతి మార్పూ ముందు చిట్టా ఫైల్లో పడుతుంది, అసలు పట్టికల ఫైళ్లలోకి తర్వాత చేరుతుంది. మధ్యలో కరెంటు పోయినా చిట్టా చూసుకుని లెక్క సరిచేసుకుంటుంది. రెండో సర్వర్ మొదటిదానితో సమానంగా నడిచేది కూడా ఈ చిట్టాతోనే: మొదటిది పంపుతూ ఉంటుంది, రెండోది అందుకుని తన దగ్గర ఎక్కించుకుంటూ ఉంటుంది.

ఆ రోజు స్పామ్ వల్ల మొదటి సర్వర్ మీద భారం బాగా పెరిగి, రెండోది వెనకబడింది. చిట్టా ఫైళ్లు ఒక్కొక్కటి మామూలుగా 16 మెగాబైట్లు ఉంటాయి. చోటు నిండకుండా పాతవాటిని పోస్ట్‌గ్రెస్ తనంతట తానే తీసేస్తుంది. రెండో సర్వర్‌కు ఇంకా అందాల్సిన ఫైళ్లు కూడా అలాగే పోయాయి. వాటిని వేరేచోట దాచే ఏర్పాటు లేదు. ఇక మిగిలింది మొత్తం డేటాబేస్‌ను మొదటినుంచి నకలు తీయడమే. అందుకు పీజీ బేస్‌బ్యాకప్ అనే టూల్ ఉంది. నకలు దిగే ఫోల్డర్ ఖాళీగా ఉంటేనే అది పని మొదలుపెడుతుంది. తీరా నడిపితే తెర మీద ఉలుకూ పలుకూ లేదు. అవతలి సర్వర్ పంపడం మొదలుపెట్టేదాకా అప్పట్లో అది ఏమీ చెప్పకుండా కాచుకుని ఉండేది. ఇంతకుముందు ప్రయత్నాల్లో మిగిలిన ఫైళ్లే అడ్డం పడుతున్నాయేమోనని ఇంజనీరు వాటిని చెరిపేయబోయాడు. రెండు సర్వర్ల తెరలూ చూపుకు ఒకేలా ఉండటంతో ఆ కమాండ్ మొదటిదానిలో పడింది. నన్నడిగితే ఈ తప్పులో సగం ఆ టూల్ మౌనానిదే. ‘కాస్త ఆగండి, అవతలివైపు సిద్ధమవుతోంది’ అని ఒక్క వరుస రాసి ఉంటే సరిపోయేది.

పోతే పోయింది, బ్యాకప్‌లున్నాయి కదా అనుకున్నారు. రెండో సర్వర్ అప్పటికే ఖాళీ. ఖాళీ కాకపోయినా నకలు సర్వర్‌ను బ్యాకప్ అనుకోవడం పొరపాటే: ఎవరైనా ఒక పట్టికను పొరపాటున తొలగిస్తే, చిట్టా ద్వారా ఆ తొలగింపు కూడా వెంటనే అక్కడికి చేరుతుంది. రోజూ పీజీ డంప్ అనే టూల్ డేటాబేస్‌ను తిరిగి కట్టుకోవడానికి వీలైన రూపంలో దించి, దూరాన అమెజాన్ నిల్వకు పంపాలి. అక్కడ చూస్తే ఏమీ లేదు. సర్వర్ 9.6 వెర్షన్‌ది, ఆ పనికి నడిచిన పీజీ డంప్ 9.2ది. తనకన్నా కొత్త వెర్షన్ సర్వర్‌ను పీజీ డంప్ ముట్టుకోదు. అర్థంకానిదాన్ని సగం సగం దించడం కన్నా అదే మేలు. అది ఎర్రర్ ఇచ్చి ఆగిపోతూనే వచ్చింది, ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు కూడా బయలుదేరాయి. వాటిలో సరైన డిజిటల్ సంతకం లేదని అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. హెచ్చరిక చేరకపోతే అంతా బాగానే ఉందనుకుంటాం, ఎవరైనా అంతే. ఇక తమ సర్వర్లు నడిచే అజూర్ క్లౌడ్‌లో డిస్కు స్నాప్‌షాట్లు, అంటే డిస్కు ఆ క్షణంలో ఉన్నదున్నట్టు తీసే నకళ్లు, ఇతర సర్వర్లకు పెట్టుకున్నారు గానీ, డేటాబేస్ సర్వర్లకు పెట్టుకోలేదు.

చివరికి ఆదుకున్నది బ్యాకప్ కోసం తీసినదే కాదు. ఏదో పరీక్ష కోసం సుమారు ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికింది. అది ఉన్నది నెమ్మదైన డిస్కుల మీద కావడంతో, వెనక్కి తెచ్చుకోవడానికి దాదాపు 18 గంటలు పట్టింది. మధ్యలోని ఆరు గంటల మార్పులు మాత్రం రాలేదు: సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు. కోడ్ విడిగా ఉండటంతో దానికేమీ కాలేదు. కంపెనీ దీన్ని దాచిపెట్టలేదు, మరమ్మతును యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. పెద్ద కంపెనీల్లో ఇంత ధైర్యం అరుదు.

ఆ తర్వాత చేపట్టిన దిద్దుబాట్లలో ఒకటి చాలా చిన్నది: ఏ సర్వర్లో ఉన్నామో కమాండ్ తెర మీదే స్పష్టంగా కనపడేలా చేయడం. పెద్దది, బ్యాకప్‌ను యంత్రమే క్రమం తప్పకుండా తిరిగి ఎక్కించి పరీక్షించడం. చిట్టా ఫైళ్లను పారేయకుండా వేరేచోట దాచుకునే పద్ధతి కూడా పోస్ట్‌గ్రెస్‌లో అప్పటికే ఉంది. ఒక పూర్తి నకలు, దాని తర్వాతి చిట్టా అంతా ఉంటే డేటాబేస్‌ను కోరుకున్న నిమిషం దగ్గరకు తెచ్చి నిలపవచ్చు. 10 గంటల 14 నిమిషాలకు పొరపాటు జరిగితే, 10 గంటల 13 నిమిషాల దగ్గర ఆగవచ్చన్నమాట.

బిల్లింగ్, ఫీజులు, రోగుల వివరాలు కంప్యూటర్లో పెట్టుకున్న ప్రతి కొట్టుకూ బడికీ ఆసుపత్రికీ ఈ పాఠం వర్తిస్తుంది. ‘బ్యాకప్ తీస్తున్నారా’ అని అడిగితే ఎవరైనా తీస్తున్నామనే అంటారు. ‘చివరిసారి ఎప్పుడు తిరిగి ఎక్కించి చూశారు’ అని అడగండి. వేరే కంప్యూటర్లో ఖాళీ డేటాబేస్ ఒకటి తెరిచి, నిన్నటి బ్యాకప్‌ను అందులోకి ఎక్కించమనండి. ముఖ్యమైన పట్టికల్లో వరుసల లెక్కను అసలుదానితో పోల్చి చూడమనండి. దానికి ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోండి. నిజంగా డేటా పోయిన రోజున కనీసం అంతసేపు మీ పని ఆగిపోతుంది.