నూనెలో సూదంటురాయి

మన ఊళ్లలో చిన్నప్పుడు అయస్కాంతం ముక్కకు దారం కట్టి ఇసుకలో ఈడ్చుకుంటూ తిరగనివాళ్లు తక్కువ. పది అడుగులు వేసేసరికి దానికి మీసాలు మొలిచినట్టు నల్లటి ఇనుప రజను అంటుకునేది. తెలుగులో దీనికి సూదంటురాయి అనే చక్కని పేరుంది. సూదిని అంటుకునే రాయి అన్నమాట. కారు అడుగున నూనె వదిలే ప్లగ్‌కు ఇదే రాయిని అమర్చి మాగ్నెటిక్ డ్రెయిన్ ప్లగ్ అని అమ్ముతారు. ఇక్కడ ఆస్ట్రేలియాలో కార్ల విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. ఇది ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది పిల్లలకూ, సెకండ్ హ్యాండ్ కారు కొన్న పెద్దలకూ పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఇంజన్‌లో ఉక్కు భాగాల మధ్య నూనె పొర ఉన్నా అవి కొద్దికొద్దిగా అరుగుతూనే ఉంటాయి. ఆ రజను నూనెలో కలిసి తిరుగుతుంది. ఇంజన్‌కైతే ఆయిల్ ఫిల్టర్ ఉంటుంది, పెద్ద రేణువులను అది ఆపేస్తుంది. చాలా మాన్యువల్ గేర్‌బాక్సుల్లో, డిఫరెన్షియల్‌లో ఫిల్టరే ఉండదు. పైగా సర్వీసుకు ఇచ్చినప్పుడు ఇంజన్ ఆయిల్ మారుస్తారు కానీ గేర్ ఆయిల్ సంగతి ఎవరికీ గుర్తుండదు! అందుకే మా లెక్కలో ఈ ప్లగ్ అవసరం ఇంజన్‌కంటే గేర్‌బాక్సుకే ఎక్కువ.

ప్లగ్ విప్పినప్పుడు దాని కొసన కాటుకలాంటి మెత్తని ముద్ద కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అది మామూలు అరుగుదలే. కొత్త కారుకు మొదటిసారి కాస్త ఎక్కువే ఉంటుంది. సూదుల్లాంటి ముక్కలు, పెచ్చులు, గేరు పంటి ముక్క కనిపిస్తే మాత్రం ఆ కారుతో మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్ బయలుదేరకండి, ముందు మెకానిక్‌కు చూపించండి. ప్రతిసారీ ఒక ఫొటో తీసి, పక్కన కిలోమీటర్లు రాసిపెట్టుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది. ఇంకో మాట. అల్యూమినియం, ఇత్తడి, రాగి, సీసం అయస్కాంతానికి అంటవు. కాబట్టి ప్లగ్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన లోపల అంతా బాగుందని కాదు.

హెలికాప్టర్లలో ఈ ఏర్పాటునే చిప్ డిటెక్టర్ అంటారు. దాని అయస్కాంతానికి లోహపు ముక్క అంటుకుంటే కరెంటు దారి కలిసి పైలట్ ముందు దీపం వెలుగుతుంది. 2009 ఏప్రిల్ 1న స్కాట్లాండ్ తీరానికి ఆవల ఉత్తర సముద్రంలో ఒక సూపర్ ప్యూమా హెలికాప్టర్ కూలి అందులోని 16 మందీ చనిపోయారు. గేర్‌బాక్సులో ఒక గేరు పగలడమే కారణం. అంతకు వారం ముందే, మార్చి 25న, ఆ గేర్‌బాక్సు డిటెక్టర్ మీద ఒక లోహపు రేణువు దొరికింది. గేరు పాడవుతోందనడానికి అది గుర్తు అని అప్పుడు తెలుసుకోలేకపోయారు. హెలికాప్టర్ ఇంకో 36 గంటలు ఎగిరింది. బ్రిటన్ దర్యాప్తు సంస్థ మరో సంగతి కూడా బయటపెట్టింది. గేర్‌బాక్సు లోపల విడిగా ఒక అయస్కాంతాల వలయం ఉంది. దానివల్ల రాలిన ముక్కలు డిటెక్టర్‌కు చిక్కే అవకాశం తగ్గిపోయింది.

మన ఆటోమేటిక్ కార్లలోనూ చాలావాటికి గేర్‌బాక్సు పాన్ అడుగున కంపెనీవాళ్లే చిన్న అయస్కాంతాలు పెడతారు. పాన్ విప్పేదాకా అవి ఏం పట్టుకున్నాయో ఎవరికీ తెలియదు. సర్వీసులో పాన్ విప్పితే వాటిని తుడిచేయకముందే తమకు చూపించమని మెకానిక్‌ను అడగండి.

కొనేటప్పుడు మీ మోడల్‌కు సరైన కొలత చూసుకోండి. చాలా టొయోటా పెట్రోల్ ఇంజన్లకు 12 మిల్లీమీటర్ల ప్లగ్, 1.25 పిచ్, చాలా హ్యుందాయ్‌లకు 14, 1.5. సరిపోనిదాన్ని బలవంతంగా తిప్పితే అల్యూమినియం పాన్ మరలు పోతాయి, అప్పుడు ఖర్చు మామూలుగా ఉండదు. గేర్‌బాక్సుకైతే ప్లగ్ పొడవు కూడా ముఖ్యం, లోపల తిరిగే గేరుకు తగలకూడదు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలుపెడుతుంది. ఇంజన్ ఆయిల్ 100 డిగ్రీలకు చేరడం మామూలే కనుక వేడికి తట్టుకునే రకమే తీసుకోండి. వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి. ఉత్త జాక్ మీద నిలబెట్టిన కారు కిందికి ఎప్పుడూ దూరవద్దు, స్టాండ్లు పెట్టండి.

వదిలిన నూనెను వీధి కాలవలో పోస్తే అది వాగుల్లోకి, అక్కడినుంచి సముద్రంలోకి పోతుంది. వాడిన నూనెను సేకరించి శుద్ధి చేసేవారికి ప్రోత్సాహకాలిచ్చే పథకం ఆస్ట్రేలియాలో 2001 నుంచి నడుస్తోంది. డబ్బాలోకి పట్టి మూత బిగించి, ఎక్కడ ఇవ్వాలో మీ కౌన్సిల్‌ను అడగండి. ఆ డబ్బాలో నీళ్లుగానీ, కూలెంట్‌గానీ, బ్రేక్ ఆయిల్‌గానీ కలపకండి.