వరద నీరు పోయింది.. ఇల్లు ఆరేదెలా? ఏ పరికరం అవసరం? ఏది వృథా?

2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం తదితర ప్రాంతాల్లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. వరద తీశాక ఇళ్లలోని బురదను ప్రభుత్వం ఫైరింజన్లతో కడిగించింది. మునిగిన గ్రౌండ్‌ ఫ్లోర్‌ ఇళ్లకు రూ.25 వేలు, పై అంతస్తుల వారికి రూ.10 వేల చొప్పున సాయం ప్రకటించింది. కానీ కడగడం వేరు, ఆరబెట్టడం వేరు. ఈ రెండో పని ఇంటివారి మీదే పడుతుంది. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బును దేనికి ఖర్చు పెట్టాలో తెలియకపోతే సాయం సొమ్ము మొత్తం పనికిరాని యంత్రాలకే పోతుంది.

అన్నిటికంటే ముందు కరెంటు సంగతి. నీట మునిగిన స్విచ్‌ బోర్డులను, మీటరు పెట్టెను ఎలక్ట్రీషియన్‌ పరీక్షించేదాకా ఏ ప్లగ్గూ పెట్టొద్దు. తడి గదిలో వాడే ప్రతి యంత్రానికీ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ రక్షణ ఉండాలి. జనరేటర్‌ తెస్తే ఇంటి బయటే, కిటికీలకు దూరంగా పెట్టండి. దాని పొగలోని కార్బన్‌ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

నీళ్లు తోడటానికి ఏ మోటారు?

ఇంట్లోని మోనోబ్లాక్‌ మోటారు శుభ్రమైన నీటి కోసం చేసింది. బురద పడితే ఇరుక్కుపోతుంది. మురుగు, బురద తోడే సబ్‌మెర్సిబుల్‌ పంపును అద్దెకు తెచ్చుకోండి, కొనక్కర్లేదు. సెల్లార్‌ నిండి ఉంటే మాత్రం ఒకేసారి ఖాళీ చేయొద్దు. చుట్టూ నేల నీటితో నిండి ఉన్నప్పుడు లోపలి నీరు తీసేస్తే బయటి ఒత్తిడికి గోడలు పగలొచ్చు. రోజుకు మూడో వంతు చొప్పున తోడటం మేలు. మూలల్లో మిగిలిన తడికి నీటిని కూడా పీల్చే వాక్యూమ్‌ క్లీనర్‌ చాలు. నానిన పరుపులు, ఉబ్బిన ప్లైవుడ్‌ అల్మరాలు బయట పడేయాల్సిందే. వాటిని ఉంచుకుని గది ఆరబెట్టాలనుకోవడం దండగ.

ఫ్యానా, డీహ్యూమిడిఫయరా?

తికమక అంతా ఇక్కడే. ఫ్యాన్‌ తేమను తీసేయదు, గోడ మీద నుంచి గాలిలోకి పంపుతుందంతే. గాలిలో చేరిన తేమను బయటికి పంపేది తెరిచిన కిటికీ, లేదంటే డీహ్యూమిడిఫయర్‌. బయట ఎండ, పొడి గాలి ఉంటే కిటికీలు తెరిచి ఫ్యాన్లు పెడితే సరిపోతుంది. ముసురు పట్టినప్పుడు మాత్రం బయటి గాలే తడిగా ఉంటుంది. అప్పుడు కిటికీలు మూసి యంత్రం నడపాలి. కిటికీ తెరిచి దాన్ని నడపడమంటే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

సీలింగ్‌ ఫ్యాన్‌ గాలి గోడ అడుగుకు సరిగా చేరదు. తడి ఎక్కువుండేది అక్కడే. పెడెస్టల్‌ ఫ్యాన్‌ లేదా నేల మీద పెట్టే బ్లోయర్‌ను గోడ వెంబడి ఏటవాలుగా తిప్పండి. ఎయిర్‌ కూలర్‌ పొరపాటున కూడా వద్దు, అది గాలికి ఇంకా తేమ కలుపుతుంది. హీటర్‌ ఒక్కటే పెడితే తేమ ఓ గోడ నుంచి లేచి మరో గోడకు చేరుతుంది.

డీహ్యూమిడిఫయర్‌ పెట్టె మీద ‘రోజుకు 20 లీటర్లు’ అని ఉంటే నమ్మేయకండి. సాధారణంగా అది 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నప్పటి లెక్క. గది ఆరుతున్న కొద్దీ లాగే నీరు తగ్గిపోతుంది. మన వాతావరణానికి కంప్రెసర్‌ రకం చాలు. డెసికెంట్‌ రకం చలి ప్రదేశాలకు నప్పుతుంది. ట్యాంకు నిండగానే ఆగిపోయేది కాకుండా పైపుతో నీరు బయటికి పోయేది ఎంచుకోండి, లేకపోతే రాత్రంతా ఊరికే ఉంటుంది. 350 వాట్ల యంత్రం రోజంతా నడిస్తే దాదాపు 8 యూనిట్లు కాలుతుంది. ఏసీ ఉన్నవారు డ్రై మోడ్‌లో వాడుకోవచ్చు. కానీ బయటి యూనిట్‌ మునిగి ఉంటే మెకానిక్‌ చూసేదాకా ఆన్‌ చేయొద్దు.

ఆరిందని ఎలా తెలుస్తుంది?

చేత్తో తడిమి చెప్పలేం. తలుపు చట్రంలో గుచ్చి చూసే తేమ మీటరు, గదిలో పెట్టే హైగ్రోమీటరు పెద్ద ఖరీదు కావు, ఈ రెండూ కొనొచ్చు. చెక్కలో తేమ 15 శాతానికి అటూఇటూగా దిగాలి. గోడకు సులువైన పరీక్ష ఉంది. అడుగున్నర పాలిథిన్‌ షీటును నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే ఇంకా ఆరలేదన్నమాట. ఇటుక గోడ అంగుళం మందం ఆరడానికి సుమారు నెల పడుతుందన్నది పాత లెక్క. అందుకే రెండు వారాల్లో పుట్టీ, రంగు వేయిస్తామనే మేస్త్రీ మాట వినకండి. లోపలి తడి పొక్కులై, తెల్లటి ఉప్పు పొరై బయటపడుతుంది. తడి ఉన్నచోట ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది కాబట్టి ఫ్యాన్లు మాత్రం తొలిరోజు నుంచే తిరగాలి.

ఏదైనా పడేసే ముందు ఫొటోలు తీసి పెట్టుకోండి, పంపు, యంత్రాల అద్దె బిల్లులు దాచండి. ‘భారత్‌ గృహ రక్ష’ వంటి ఇంటి బీమా ఉంటే అందులో వరద నష్టానికి కవరేజీ ఉంటుంది. సర్వేయర్‌ చూసి వెళ్లేదాకా దెబ్బతిన్న సామాను ఓ మూలన ఉంచగలిగితే క్లెయిమ్‌ సులువవుతుంది.