బజారున పడ్డ పాస్‌వర్డ్

కాకినాడలో ఉంటున్న మా పిన్ని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అడిగితే ఎండలంది, గ్యాసంది. మూడో రోజు రాత్రి పదింటికి ఫోన్ చేసి, గొంతు బాగా తగ్గించి, "నాన్నా, ఒక మెయిల్ వచ్చింది. నువ్వొక్కడివే చదువు. అబ్బాయికి చెప్పకు" అంది.

మెయిల్ ఇంగ్లిషులో ఉంది. సబ్జెక్టు దగ్గర పిన్ని పాస్‌వర్డ్, అక్షరం పొల్లుపోకుండా. కొడుకు ముద్దుపేరు, పక్కన వాడు పుట్టిన సంవత్సరం. నీ కంప్యూటర్‌లోకి చొరబడ్డాను, కెమెరాలోంచి నిన్ను వీడియో తీశాను, రెండు రోజుల్లో బిట్‌కాయిన్లలో డబ్బు పంపకపోతే నీకు తెలిసినవాళ్లందరికీ అది చేరుతుంది అని కింద బెదిరింపు. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో హిందీ చెప్పిన మనిషి ఆమె. ఇంట్లో కంప్యూటరే లేదు. అయినా తన పాస్‌వర్డ్ కళ్లెదుట కనిపించేసరికి మిగతాదంతా కూడా నిజమే కాబోలని వణికిపోయింది.

ఇలాంటి మెయిల్ 2018 నుంచి ప్రపంచమంతా తిరుగుతోంది. పంపేవాడి దగ్గర వీడియో ఉండదు. వాడి దగ్గర ఉండేదల్లా ఎప్పుడో ఏదో సైట్ నుంచి బయటపడిన ఈమెయిళ్లు, పాస్‌వర్డ్‌ల పట్టీ. అందులో ఒక్కో వరసకి ఒక్కో బెదిరింపు దానంతటదే వెళ్లిపోతుంది. జవాబివ్వొద్దు, పైసా పంపొద్దు, నువ్వు చేసిన తప్పేమీ లేదు అని పిన్నికి మూడుసార్లు చెప్పాను. మూడోసారికి ఆమె ఏడ్చింది. రెండు రోజులు ఎవరికీ చెప్పుకోలేక ఒంటరిగా మోసిన భయం అది. మనవాళ్లు ఎంతమంది ఇలా నోరు విప్పక డబ్బు కట్టేసి ఉంటారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

మెయిల్‌లో మాటలు అబద్ధమైనా పాస్‌వర్డ్ మాత్రం నిజమైనదే. "ఇది ఇంకా ఎక్కడెక్కడ వాడుతున్నావు పిన్నీ?" అన్నాను. కాసేపు మాట లేదు. "అన్నిటికీ అదే" అంది.

ఫోన్ పెట్టనివ్వకుండా ఆ రాత్రే జీమెయిల్ పాస్‌వర్డ్ మార్పించాను. మిగతా పనికి ఆదివారం తెల్లవారుజామునే విజయవాడలో బస్సెక్కాను.

అది ఎక్కడ లీకయిందో ముందు చూశాం. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు 2013 డిసెంబరులో 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' అనే సైట్ మొదలుపెట్టాడు. అక్కడ ఈమెయిల్ చిరునామా కొడితే అది ఏయే లీకుల్లో ఉందో చెబుతుంది, ఉచితంగానే. పిన్ని ఎన్నో ఏళ్ల కిందట ఒకే ఒక్కసారి ఏదో కొన్న ఆన్‌లైన్ దుకాణం పేరు వచ్చింది. ఆ దుకాణాన్ని ఆమె మరిచిపోయింది. పాస్‌వర్డ్‌ను మాత్రం వాళ్లు దాచుకున్నారు, పోగొట్టారు, ఒక్క ముక్క చెప్పలేదు. నాకు అసలు కోపం అక్కడే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇలా డేటా బయటికి పొక్కితే ఆ సంగతి సంబంధిత మనిషికి చెప్పి తీరాలంటుంది. తగిన జాగ్రత్తలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయొచ్చంటుంది. అది గట్టిగా అమలు కావాలని నాలాంటివాళ్లు అడుగుతూనే ఉండాలి.

పాస్‌వర్డ్ ఎంత పాతదో లీకూ ఇంచుమించు అంత పాతదే. 1960ల్లో అమెరికాలోని ఎంఐటీలో ఒకే కంప్యూటర్‌ను చాలామంది పంచుకునే ఏర్పాటు చేసి, ఒక్కొక్కరికి ఒక్కో పాస్‌వర్డ్ ఇచ్చినవాడు ఫెర్నాండో కోర్బటో. ఒకరోజు ఇద్దరు సిబ్బంది ఒకేసారి రెండు ఫైళ్లు దిద్దుతుంటే అవి తారుమారయ్యాయి. లాగిన్ అయిన ప్రతివాళ్లకీ ఆనాటి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డ్‌లూ టెర్మినల్ మీద అచ్చయి దర్శనమిచ్చాయి. తర్వాత ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో ఆయనే ఈ సంగతి చెప్పాడు. తయారుచేసినవాడి చేతిలోనే జారిన వస్తువు మన చేతిలో జారిందని సిగ్గుపడటం దేనికి?

2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు పోయాయి. అవన్నీ ఉన్నవి ఉన్నట్టే, ఏ ముసుగూ లేకుండా నిల్వ చేసినవి. కాస్త బాధ్యత ఉన్న సంస్థలు పాస్‌వర్డ్‌ను నేరుగా దాచవు. దాన్ని పిండిమరలో వేసినట్టు హాష్‌గా మార్చి దాస్తాయి. పిండిలోంచి గింజ తిరిగి రాదు. అయితే దొంగ కూడా తెలిసిన గింజలన్నీ మరాడించి, పిండిని పిండితో పోల్చి చూస్తాడు. అందుకే ఒక్కో పాస్‌వర్డ్‌కి వేరువేరు సాల్ట్ కలుపుతారు, మన ఉప్పే అనుకోండి. అప్పుడు ఇద్దరిది ఒకే పాస్‌వర్డ్ అయినా పిండి ఒకేలా ఉండదు. 2012లో లింక్డ్‌ఇన్ ఆ ఉప్పు వేయలేదు. మొదట 65 లక్షల హాష్‌లు బయటపడ్డాయన్నారు. 2016లో 11.7 కోట్లు అమ్మకానికి వచ్చాయి.

మొబైల్ నంబర్‌నే పాస్‌వర్డ్‌గా పెట్టుకునేవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. అంకెలు పది కదా, ఎవరు కనిపెడతారనుకుంటారు. మన నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి కాబట్టి మొత్తం కలిపి 400 కోట్లు. పాతకాలపు హాష్‌లయితే ఈనాటి మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు వేల కోట్లు లెక్కపెట్టేస్తుంది. మీరు ఈ వాక్యం చదివేలోపు పని పూర్తవుతుంది.

ఇంతా చేసి ఆ దుకాణంలో పిన్ని ఖాతాతో దొంగకు పనేముంది? పని ఉన్నది మిగతాచోట్ల. ఒకచోట దొరికిన ఈమెయిల్, పాస్‌వర్డ్ జతను వందల సైట్ల తలుపుల్లో యంత్రం పెట్టి తిప్పి చూస్తారు. డ్రాప్‌బాక్స్ ఉద్యోగి ఒకరు వేరే సైట్‌లో వాడిన పాస్‌వర్డ్‌నే ఆఫీసులోనూ వాడారు. 2012లో ఆ కంపెనీలోకి చొరబాటుకు దారి అదే అయింది. నాలుగేళ్ల తర్వాత లెక్క తేలితే 6.8 కోట్ల ఖాతాల వివరాలు. కంప్యూటర్లే బతుకైనవాళ్లకే ఇలా జరిగింది.

ఏ ఖాతా ముందు అన్న ప్రశ్నకు చాలామంది బ్యాంకంటారు. నేను మెయిల్ అంటాను. 'పాస్‌వర్డ్ మరిచిపోయారా' అని నొక్కితే ఎక్కువ సైట్లు కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే లింకును మెయిల్‌కే పంపుతాయి. మెయిల్ పోతే తాళాల గుత్తే పోయినట్టు. పాస్‌వర్డ్ మార్చి ఊరుకున్నా చాలదు. లోపలికి వచ్చినవాడు వెళ్లేముందు కిటికీ గడియ తీసి వెళ్లవచ్చు. అందుకని పిన్ని జీమెయిల్‌లో ఏయే ఫోన్లు లాగిన్ అయి ఉన్నాయో చూశాం. మెయిళ్లు వేరే చిరునామాకు ఫార్వర్డ్ అవుతున్నాయేమో, ఏ ఫిల్టరైనా బ్యాంకు మెయిళ్లను చెత్తబుట్టలోకి తోస్తోందేమో చూశాం. తెలియని యాప్‌లకు ఇచ్చిన అనుమతులు తీసేశాం. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి.

రికవరీ నంబర్ దగ్గరికి వచ్చేసరికి పిన్ని ఆగిపోయింది. అది బాబాయి నంబర్. ఆయన పోయి ఐదేళ్లవుతోంది. రీచార్జి లేక ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. అలా ఆగిన నంబర్‌ను కనీసం 90 రోజులయ్యాక కంపెనీలు వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. ఇచ్చి ఉంటే పిన్ని మెయిల్ తలుపుకి తాళంచెవి ముక్కూ మొహం తెలియని ఎవరి జేబులోనో ఉన్నట్టే. చెప్పాను. "తర్వాత చూద్దాం, ముందు మిగతావి కానీ" అంది. నేనూ బలవంతం చేయలేదు.

కొత్త పాస్‌వర్డ్‌ల కోసం ఆమె అలమారులోంచి హిందీ-తెలుగు నిఘంటువు తీసింది. కళ్లు మూసుకుని నాలుగు చోట్ల తెరిచి, వేలు పడ్డ నాలుగు మాటలు. ఒకదానికొకటి పొంతన లేదు. వాటిని ఇంగ్లిషు అక్షరాల్లో వరసగా కొట్టించాను. చిన్నదిగా ఉండి @, # కలిపిన మాటకంటే ఇలా పొడుగ్గా, అతుకుబొతుకు లేకుండా ఉన్నదే గట్టిది. సామెతలు, పాట పల్లవులు పనికిరావు. దొంగల జాబితాల్లో అలాంటివీ ఉంటాయి. ఇలాంటిది మెయిల్‌కి ఒకటి, బ్యాంకుకి ఒకటి చాలు. మిగతావన్నీ ఫోన్‌లోని పాస్‌వర్డ్ మేనేజరే పుట్టించి గుర్తుపెట్టుకుంటుంది. పాస్‌వర్డ్‌లలో ఏవి లీకయ్యాయో, ఏవి రెండుచోట్ల వాడుతున్నారో కూడా అదే చూపిస్తుంది. పిన్ని జాబితాలో పందొమ్మిది ఎర్రగా వచ్చాయి.

"పుస్తకంలో రాసుకోవచ్చా?" అని బెరుకుగా అడిగింది. రాసుకోమన్నాను. ఎక్కడో పరదేశంలో కూర్చున్న దొంగ కాకినాడ వచ్చి బీరువా తెరవడు. ఫొటో తీసి గ్యాలరీలో పెట్టుకోవడం, వాట్సాప్‌లో తనకు తానే పంపుకోవడం అసలు ప్రమాదం. ఊరికే ప్రతి మూడు నెలలకూ మార్చాలన్న పాత నియమం కూడా ఇప్పుడు లేదు. 2003లో అమెరికా ప్రమాణాల సంస్థకు దాన్ని రాసిన బిల్ బర్ 2017లో తానే తప్పు ఒప్పుకున్నాడు. లీకయిందని తెలిస్తే మాత్రం ఆ గంటలోనే మార్చాలి.

తర్వాత రెండో గడియ. జీమెయిల్‌కి రెండంచెల ధ్రువీకరణ పెట్టాం. ఫోన్ పోయినప్పుడు పనికొచ్చే పది బ్యాకప్ కోడ్‌లు వచ్చాయి, ఒక్కోటి ఎనిమిదంకెలు. ఎర్రసిరా దిద్దుబాట్లకు అలవాటుపడ్డ చేత్తో పిన్ని వాటిని గుండ్రంగా రాసి, నగల పెట్టెలో మడిచి పెట్టింది. వీలున్నచోట పాస్‌కీ పెట్టాం. వేలిముద్రతో తెరుచుకుంటుంది. అసలు సైట్ కాకపోతే పలకదు, కాబట్టి దొంగ లింకు ఎంత అచ్చుగుద్దినట్టు ఉన్నా పప్పులుడకవు. వాట్సాప్‌కీ ఆరంకెల పిన్ పెట్టాం. 'పొరపాటున నీకు కోడ్ వచ్చింది, పంపవా' అని తెలిసినవాళ్ల పేరుతోనే మెసేజ్ వస్తుందని, పంపితే వాట్సాప్ చేజారుతుందని చెప్పాను. ఓటీపీ మీద పూర్తిగా ఆధారపడొద్దని కూడా చెప్పాను. మన పేరుతో ఎవరైనా డూప్లికేట్ సిమ్ తీసుకుంటే మన ఫోన్‌లో సిగ్నల్ పోతుంది, ఓటీపీలు వాళ్లకు వెళ్తాయి. కారణం లేకుండా సిగ్నల్ పోతే వెంటనే కంపెనీని అడగాలి.

మధ్యాహ్నం పక్కింటి పిల్ల వచ్చింది, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో ఉంది. వెబ్ ఆప్షన్ల పాస్‌వర్డ్ నెట్ సెంటర్ అబ్బాయే పెట్టాడట, అదేమిటో తనకు తెలియదట. అన్నం ముందు కూర్చున్నవాణ్ని లేచి చేయి కడుక్కున్నాను. నాలుగేళ్ల చదువు ఏ కాలేజీలోనో తేల్చే తాళం అది. ముందు దాన్ని మార్పించి, ఆప్షన్ల ప్రింట్ తీయించాక భోంచేశాం. మొదటి స్మార్ట్‌ఫోన్ కొన్నప్పుడు సెల్ షాపులో తెరిపించిన జీమెయిళ్లు మన ఊళ్లలో ఎన్నో. ఆ పాస్‌వర్డ్ సొంతదారుకు తెలియదు, షాపువాడికి తెలుసు. ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నలతో కూర్చుని అదొక్కటి మార్చి రండి.

డబ్బే పోయిందనుకోండి, 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకూ చెప్పాలి. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ కాకుండా మధ్యలో జరిగిన మోసాన్ని, సమాచారం అందిన మూడు పనిదినాల్లో తెలియజేస్తే నష్టం మన మీద పడదు. ఆ మూడు రోజులే చాలామంది ఇంట్లో తిడతారని దాచిపెట్టేస్తున్నారు.

సాయంత్రం నా బస్సుకు ఇంకా గంటుంది. పిన్ని దీపం పెట్టి వచ్చి పక్కన కూర్చుంది. "ఒక్కసారి ఆ నంబర్‌కి చెయ్యి" అంది. చేసి స్పీకర్ పెట్టాను. నాలుగు రింగులయ్యాక ఎవరో కుర్రాడు ఎత్తాడు. వెనకాల ట్రాక్టర్ చప్పుడు.

"ఈ నంబర్ నీకెప్పుడొచ్చింది బాబూ?"

"రెండేళ్లయిందండీ. ఎవరండీ?"

"ఏం లేదు నాన్నా. మావారిది ఇదివరకు." కాసేపు ఆగి, "బాగా చదువుకుంటున్నావా?" అని అడిగింది. వ్యవసాయమన్నాడు. మంచిదంది.

ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, ఆ పేజీ ఎక్కడుందో చూపించమంది. తీసేయాలా అని అడిగిన చోట తనే నొక్కింది.